ఏటి నడుమ నేల

శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండినప్పుడు సోమశిల రేవులో నిలబడి చూస్తే, కృష్ణ నడుమ అక్కడొకటి ఇక్కడొకటి పచ్చటి దీవులు కనబడతాయి. సంక్రాంతి దాటి నీళ్లు దిగడం మొదలైతే ఆ దీవులు రోజురోజుకూ పెద్దవవుతాయి. వాటి చుట్టూ ఎర్రటి మట్టి అంచు తేలుతుంది. ఎండలు ముదిరేసరికి కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, కొన్ని ఒడ్డుకే అతుక్కుని మామూలు గుట్టలవుతాయి. కొంతకాలం దీవి, కొంతకాలం గుట్ట. నేల మాత్రం అదే. నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపూర్ వైపు ఏటి ఒడ్డున బతికేవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. పట్నం నుంచి లాంచీ ఎక్కడానికి వచ్చినవాళ్లు మాత్రం ఆ దీవులను చూసి, మనిషి అడుగుపెట్టని చోటు ఎంత బాగుందో అని మురిసిపోతారు. ఆ మాట చెవినపడ్డప్పుడల్లా నాకు కలుక్కుమంటుంది. ఆ ఏకాంతం, ఆ దూరం ఎలా పుట్టాయో తెలిసినవాళ్లం ఇంకా ఉన్నాం కాబట్టి చెప్పాలనిపించింది.

పడవెక్కి వెళ్లి, ఎవరూ లేని గడ్డ మీద దిగి, ఆ చెట్టూ ఈ పుట్టా చూస్తూ తిరగాలన్న కోరికను నేను తక్కువ చేయను. వనపర్తిలో పెరిగిన నాకు చిన్నప్పుడు సముద్రం పుస్తకాల్లోనే ఉండేది. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి పక్కన పరుచుకున్న రంగసముద్రం చెరువే మాకు కంటికి ఆనని నీళ్లు. ఆ చెరువు గట్టు మీద కూర్చుని అవతలి ఒడ్డున ఏముందో ఊహించుకోవడంతోనే సాయంత్రాలు గడిచేవి. 2017 సెప్టెంబరులో మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే చిన్న తెరచాప నావలో గోవా నుంచి బయలుదేరి, భూగోళం చుట్టి, 2018 మే నెలలో తిరిగొచ్చినప్పుడు నేను ఆ వార్తలన్నీ వెతుక్కుని చదివాను. వాళ్లలో విశాఖపట్నం ఆడబిడ్డ స్వాతి, హైదరాబాదు ఆడబిడ్డ ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో ఫాక్‌లాండ్ దీవుల దగ్గర వాళ్లు లంగరు వేశారని చదివినప్పుడు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు. అంత దూరాన్ని వాళ్లు గాలితో, అలతో కొలుచుకున్నారు. మా ఏట్లో దూరాన్ని కొలిచేది ఆనకట్ట గేట్లు. అవి దించితే ఊరు దీవి అవుతుంది, ఎత్తితే దీవికి దారి తెగుతుంది.

మనిషి కోరి వెతుక్కున్న ఏకాంతం కూడా ఈ ఏటి ఒడ్డునే ఉంది. ముందు దాని సంగతి చెబుతాను. సోమశిల దాటాక కొంతదూరం వరకు కృష్ణ సరస్సులా విశాలంగా ఉంటుంది. ఆ తర్వాత నల్లమల రెండు వైపుల నుంచీ దగ్గరికి జరిగి, రాతి గోడల మధ్య నీళ్లు చిక్కబడతాయి. సోమశిల నుంచి శ్రీశైలం దాకా లాంచీలో పోతే ఏడు గంటల దాకా పడుతుంది. ఆ ఏడు గంటల్లో చాలాసేపు కరెంటు స్తంభం గానీ ఇంటి కప్పు గానీ కంటపడవు. శ్రీశైలం ఇంకా ముందుండగానే ఎడమ ఒడ్డున అక్కమహాదేవి గుహలు వస్తాయి. పడవ దిగి మెట్లెక్కితే, ఏ ఆసరా లేకుండా అంత పెద్ద రాతి కప్పు అలా ఎలా నిలిచిందా అనిపించే తోరణం, దాని వెనక గుహ. లోపలికి పోయేకొద్దీ దారి ఇరుకవుతుంది. తల వంచాలి, ఆ తర్వాత నడుము వంచాలి, చివరికి పక్కకు తిరిగి ఒళ్లు దగ్గరికి ముడుచుకుంటేనే ముందుకు కదలగలం. ఆ చీకటి కొసన శివలింగం. పన్నెండో శతాబ్దపు కన్నడ కవయిత్రి అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుణ్ణి వెతుక్కుంటూ ఇల్లూ వాకిలీ వదిలి శ్రీశైలం వచ్చి, ఈ గుహలో తపస్సు చేసిందని ప్రతీతి. రాచనగరును కాదనుకుని వచ్చిందని ఆమె కథ చెబుతుంది. ఆ దూరాన్ని ఆమె తానుగా ఎంచుకుంది. దాని ముందు నిలబడితే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

అదే కృష్ణకు ఎగువన, సోమశిల చుట్టుపక్కల ఉన్న ఏకాంతాన్ని ఎవరూ ఎంచుకోలేదు.

ఒక చైత్రమాసంలో సోమశిల నుంచి ఎగువకు, మంచాలకట్ట వైపు చిన్న ఇంజను పడవలో పోయాను. నీళ్లు బాగా దిగిపోయి ఉన్నాయి. ఒక తిప్ప దగ్గరికి రాగానే పడవ నడిపే అబ్బాయి ఇంజను ఆపేసి గెడ తీశాడు. నీళ్ల కింద చింతమొద్దులుంటాయి, ఫ్యాను వాటికి తగిలితే విరుగుతుందన్నాడు. గెడతో పొడుచుకుంటూ, అడుగున రాయా మట్టా అని చేతికి తెలిసే దాన్నిబట్టి పడవను మెల్లగా ఒడ్డుకు తోసి, దిగి, మోకును ఒక రాతి కూసానికి చుట్టాడు. ఆ కూసం నిలువుగా, నడుమెత్తు, మనిషి చెక్కిన రాయి. దాని మెడ దగ్గర తాడు ఒరుసుకుని పడ్డ నునుపైన గాడి ఉంది. ఒక్క పడవ మోకుకు రాయి అంతగా అరగదు. ఏళ్ల తరబడి ఒకే చోట తాళ్లు కట్టి విప్పితే తప్ప.

ఎండకు నెర్రెలు బాసిన ఒండ్రు మీద నత్తగుల్లలు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. కాలు పెడితే చిటచిట పగిలేవి. నాలుగు అడుగులు ఎక్కితే గోడల పునాదులు వరసగా, మధ్యలో బజారు సందు స్పష్టంగా తెలుస్తోంది. ఒక గడప రాయి. దానికి లోపలి పక్క నేలలో పాతిన రోలు, అంచుదాకా బురద పేరుకుని గట్టిపడి ఉంది. ఇంకాస్త అవతల ఆకు లేక, బెరడు లేక నల్లబడ్డ చింతమోడు. మట్టి పెళ్లల్లో కుండ పెంకులు, సగం గాజు ముక్క. నేను రోలు దగ్గర వంగి చూస్తుంటే, వల భుజాన వేసుకుని అవతలి గట్టు నుంచి వచ్చిన పెద్దాయన ఆగి పలకరించాడు.

"ఏం చూస్తున్నవ్ సారు? గది మా చిన్నవ్వోళ్ల ఇల్లు."

నేను కూసం సంగతి అడిగాను. ఆయన అటు తిరిగి చూడకుండానే చెప్పాడు. "మా పశుల కొట్టం కూసమే అది. బర్రెలను దానికే కడ్తుంటిమి. నీళ్లొచ్చే ముందు అన్నీ పీకి తీస్కపోయినం. గదొక్కటి రాలె. లోతుకు పాతిండు మా నాయిన."

ఆయన అక్కడే నిలబడి పాత మంచాలకట్టను వాకిలి వాకిలిగా చూపించాడు. ఇది దర్వాజ, ఇది అరుగు, ఇక్కడ పీర్లు కూసునేది, ఈడ చేదబావి, మే నెలలో కూడా నీళ్లు చేతికి అందేవి. నాకు కనబడేది మట్టి, రాళ్లు. ఆయనకు ఊరంతా కనబడుతోంది. వేలు చూపిన ప్రతిచోటా ఆగి, ఆ ఇంటివాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో కూడా చెప్పాడు. కొందరు కొత్త ఊళ్లో, కొందరు కొల్లాపూర్‌లో, చాలామంది హైదరాబాదులో మేస్త్రీ పనిలో. అరగంట గడిచాక ఎండ ఎక్కువైంది పోతానని వల సర్దుకుని నీళ్లవైపు దిగిపోయాడు.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. నీళ్లు నింపే వేళ వచ్చేసరికి 1981 అయింది. ఆ ఏడు జూన్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ముంపు ఊళ్లలో ఇళ్లు కూలగొట్టి జనాన్ని ఖాళీ చేయించారు. వంద దాకా ఊళ్లు, లక్ష మంది దాకా మనుషులు. తొలకరి పడే కాలమది. గింజ నాటాల్సిన నెలలో తట్టాబుట్టా నెత్తిన పెట్టుకున్నారు. ఇంటికొక ఉద్యోగమని 1986లో జీవో 98 వచ్చింది. ఆ జీవో నంబరు మా వైపు పిల్లలకు కూడా నోటికి వచ్చు. దరఖాస్తు పెట్టిన తండ్రులు పోయారు, కొడుకులు అదే కాగితం పట్టుకుని కలెక్టరాఫీసుల ముందు టెంట్లు వేశారు, ఆ కొడుకుల తలలు నెరిశాయి. నాగార్జునసాగర్ దాకా, మద్రాసు నగరం దాకా, రాయలసీమ కాలువల దాకా ఆ నీళ్లు పోయాయి. కరెంటు వెలిగింది. అవన్నీ అవసరమే. ఆ అవసరానికి మూల్యం కట్టినవాళ్ల లెక్క మాత్రం ఇంకా తేలలేదు.

గుళ్ల విషయంలో ప్రభుత్వం ఎంతో శ్రద్ధ చూపింది. కృష్ణా తుంగభద్రల కూడలిలో మునిగిపోవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, అంకెలు వేసి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లను అలాగే తరలించారు. బాదామి చాళుక్యులు కట్టిన అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు నీళ్లు తగలకుండా కట్ట కట్టారు. సోమశిల సోమేశ్వరుడికీ, జటప్రోలు మదనగోపాలుడికీ పైన కొత్త చోటు దొరికింది. ఆ పనిచేసిన పురావస్తు శాఖవాళ్లకు, శిల్పులకు నేను మనసారా దండం పెడతాను. వాళ్లు లేకపోతే పన్నెండు పదమూడు వందల ఏళ్ల శిల్పం చేపల పాలయ్యేది. ఒక గుడిని ఏ రాయి పక్కన ఏ రాయో తప్పకుండా పేర్చగలిగినవాళ్లం, ఒక బజారును ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో అలాగే పేర్చి ఇవ్వలేకపోయామా అన్నది మాత్రం నన్ను వదలని ప్రశ్న. మంచాలకట్ట పెద్దాయన గుర్తుల్లో ఇప్పటికీ ఏ గోడ పక్కన ఏ గోడో చెక్కు చెదరలేదు.

అవతలి ఒడ్డున, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చే సప్తనదీ సంగమేశ్వరం అలా తరలిపోలేదు. అక్కడ శివలింగం వేపమొద్దు. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ల కిందే ఉంటుంది. వేసవిలో గుడి బయటపడగానే ఒండ్రు ఎత్తిపోసి, కడిగి, దీపం పెడతారు. మళ్లీ వరద వచ్చి గర్భగుడిలోకి నీళ్లు చేరేదాకా పూజ ఆగదు. సోమశిల నుంచి పడవలో పోయి చూసి రావాల్సిన చోటు.

స్కాట్లాండుకు పడమరన అట్లాంటిక్‌లో సెయింట్ కిల్డా అనే దీవి ఉంది. వందల ఏళ్లు జనం బతికిన ఆ దీవిని 1930 ఆగస్టు 29న ఖాళీ చేశారు. చివరికి మిగిలిన 36 మంది, ఇక ఇక్కడ బతకలేం, మమ్మల్ని తీసుకెళ్లండని తామే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడికి పడవల మీద యాత్రికులు వస్తారు, ఖాళీ ఇళ్ల మధ్య తిరుగుతారు. దాని గురించి చదువుతుంటే మా తిప్పలే గుర్తొచ్చాయి. వాళ్ల నేల మొదటినుంచీ దీవి, దూరాన్ని భరించలేక మనుషులు వదిలారు. మా నేలను మనుషులు వదిలాక దీవిగా మార్చారు. సెయింట్ కిల్డాలో ఏ ఇంట్లో ఎవరుండేవారో పేర్లతో సహా రాసి దాచారు. 1930లో ఆ ఇళ్ల తలుపు గడియ వేసినవాళ్ల పేర్లు ఈ రోజు ఎవరైనా చదవొచ్చు. 1981లో మన ఇళ్ల తలుపులు ఊడదీసుకుపోయినవాళ్ల పేర్లు ఎక్కడ చదవాలి?

ఇక మనుషులున్న దీవి సంగతి. గద్వాల మండలంలో, జూరాల ఆనకట్టకు దిగువన కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ గుర్రంగడ్డ. గద్వాల సంస్థానాధీశులు గుర్రాలను మేపించిన చోటని అక్కడివాళ్లు చెబుతారు. అసలు గద్వాల, అలంపురం తావంతా కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనుంది కాబట్టే నడిగడ్డ అంటాం. ఆ నడిగడ్డకు మళ్లీ నడిగడ్డ ఈ ఊరు. గద్వాల బజారుకు ఎంతో దూరం లేదు. పట్టుచీరల దుకాణాల నుంచి బయలుదేరితే ఏటి ఒడ్డు చేరడం పెద్ద పనేం కాదు. ఎండాకాలంలో పాయలో బండలు తేలితే ట్రాక్టరు కూడా దాటిపోతుంది. జూరాల గేట్లు ఎత్తారా, అదే ఊరు అందని దూరమైపోతుంది.

అక్కడ పడవ లేని రోజుల్లో దాటించింది పుట్టి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పూర్వం తోలు కప్పేవారు, ఇప్పుడు పట్టా కప్పి తారు పూస్తారు. ఒకే తెడ్డు. అలవాటు లేనివాడు తెడ్డు వేస్తే పుట్టి ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. పదహారో శతాబ్దంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, తుంగభద్ర మీద ఇలాంటి తోలు పుట్లలో జనం దాటడం చూసి రాసిపెట్టాడు. ఆ తుంగభద్రే కదా అలంపురం దగ్గరికి వచ్చేది. అయిదు వందల ఏళ్లుగా మా ఏటి ఒడ్డున దాటే సాధనం పెద్దగా మారలేదన్నమాట.

గుర్రంగడ్డకు నేను పోయినప్పుడు నాతోపాటు పడవలో రెండు గ్యాస్ సిలిండర్లు, ఒక మోటారు సైకిలు, ఎరువు బస్తా, స్కూలుకు పోతున్న సారు, పాల క్యాన్లతో ఒక అక్క ఉన్నారు. కొత్తవాడినైన నేను నీళ్లు చూస్తున్నాను, వాళ్లు ఆకాశం చూస్తున్నారు. ఎగువన వాన పడితే సాయంత్రం ఎలా తిరిగిరావాలన్నది వాళ్ల ధ్యాస. "మా చిన్నబిడ్డకు నెలలు నిండకముందే గద్వాలకు తోలిస్తిమి. నొప్పులొచ్చినాంక ఏరు దాటిస్తదా?" అంది ఆ అక్క. ఆ మాటలో ఫిర్యాదు కూడా లేదు. వానాకాలం ముందు గొడ్లకు గడ్డివాము వేసుకున్నట్టే అక్కడ కాన్పుకు ముందు ఏరు దాటించడం కూడా ఒక పని.

ఒడ్డు దిగి ఊళ్లోకి నడుస్తుంటే చేలు, వేరుశనగ, వరి, గట్ల మీద వేపచెట్లు. మన ఊళ్లలాగే ఉంది. కనబడే తేడా ఒక్కటే, ఏ దారిలో నడిచినా కొంతసేపటికి నీళ్లు అడ్డొస్తాయి. నాలాంటివాడికి ఒక పూట అది ఆనందం. రాత్రిపూట ఒంట్లో బాగాలేనివాడికి అది గోడ. వంతెన మంజూరయ్యాక కూడా ఆ ఊరు చాలా వానాకాలాలను పడవ మీదే దాటింది.

నీటి మీద దూరం ప్రాణాలతో ఆడుకుంటుందని మంచాలకట్టకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. జలాశయం రాకముందు అవతలి ఊళ్లకు పుట్టి మీద ఏరు దాటిపోయిన బంధుత్వాలు, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఉన్నాయి. జలాశయం వచ్చాక ఏరు వెడల్పయింది, చుట్టాలు మాత్రం అవతలే ఉండిపోయారు. 2007 జనవరిలో, సింగోటం నరసింహస్వామి జాతర రోజుల్లో, కర్నూలు వైపు నెహ్రూనగర్ నుంచి జనాన్ని ఎక్కించుకుని వస్తున్న పడవ మంచాలకట్ట దగ్గర మునిగిపోయింది. అరవై మంది దాకా పోయారు. పిల్లలున్నారు, కొత్తబట్టలు కట్టుకున్న ఆడవాళ్లున్నారు. ఊరును మింగిన నీళ్లే ఆ ఊరికి వస్తున్న చుట్టాలను కూడా మింగాయి. ఆ ప్రమాదం మాట విన్న ప్రతిసారీ పాత మంచాలకట్ట కొట్టంలో మోకు కట్టిన ఆ కూసం నా కళ్ల ముందుకొస్తుంది.

సోమశిల దగ్గర కృష్ణ మీద తీగల వంతెనకు కేంద్రం 2022లో 1,082 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కల్వకుర్తి నుంచి నంద్యాల పోయే జాతీయ రహదారి దాని మీదుగా సాగుతుంది. నడిచేవాళ్ల కోసం గాజు దారి కూడా ఉంటుందని ప్రకటించారు. రావాలి, త్వరగా రావాలి. కొల్లాపూర్ నుంచి ఆత్మకూరు వైపు పోవడానికి కర్నూలు చుట్టూ తిరగక్కర్లేని రోజు కోసం రెండు ఒడ్లవాళ్లూ ఎదురుచూస్తున్నారు. ఆ గాజు దారి మీద నిలబడి కిందకి చూసేవాళ్లకు నీళ్లు కనబడతాయి, దీవులు కనబడతాయి. ఊళ్లు కనబడవు.

అందుకే ఒకటి అడుగుతున్నాను. సోమశిల రేవులో, లాంచీ టికెట్లు ఇచ్చే చోట, మునిగిన ఊళ్ల పేర్లన్నీ రెండు జిల్లాలవీ కలిపి, తెలుగులో, దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఒక రాతి పలక మీద చెక్కించి పెట్టండి. పర్యాటక శాఖ పెట్టినా సరే, పంచాయతీ పెట్టినా సరే. రెవెన్యూ రికార్డుల్లో ఆ పేర్లున్నాయి, కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఇళ్లను చూపించగలిగినవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. వాళ్లుండగానే, వాళ్లతో ఒకసారి చదివించి, తప్పులుంటే దిద్దించి మరీ పెట్టండి. గుర్రంగడ్డకు వచ్చే వానాకాలం లోపు వంతెన మీద నడిచే వీలు కల్పించండి. మీరు పడవెక్కితే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి, తిప్ప మీద దిగితే రాళ్లు కదిలించకండి, పడవ నడిపే అబ్బాయిని ఇది ఏ ఊరని అడగండి.